కోర్టు పంపిన ముద్దాయికి పర్సనాలిటీ టెస్టు: ఉత్తర్వు అందిన రోజు నుంచి సాక్ష్యం చెప్పేదాకా

కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు వైపు పనిచేసే కొత్త క్లినికల్ సైకాలజిస్టులు, వాళ్ల రిపోర్టులు చదవాల్సి వచ్చే ప్లీడర్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. మానసిక పరీక్షకని కోర్టు పంపిన ముద్దాయికి ఎంఎంపీఐ (వందల వాక్యాలు ఇచ్చి, తనకు సరిపోతాయో లేదో గుర్తు పెట్టించే పర్సనాలిటీ టెస్టు) లాంటిది పెట్టి, వచ్చిన గ్రాఫును బట్టి ఏ వర్గంలో వేయాలి, ఎలా వేయాలి అని. ఇది ఆ పని వరస.

టెస్టు చేయగలిగింది ఇంతే: ఇతని జవాబుల్ని నమ్మి చదవవచ్చా, చదవగలిగితే ఇప్పుడు ఏ రకం ఇబ్బందిలో ఉన్నాడు, తర్వాత ఎక్కడికి పంపాలి. నేరం చేశాడా, చేసిన వేళ మతి స్థిమితంలో ఉందా అన్న రెండింటికీ దాని దగ్గర జవాబు లేదు. అక్కడ జవాబు వెతికిన రిపోర్టు క్రాస్ ఎగ్జామినేషన్‌లో పది నిమిషాలు నిలవదు.

## 1. కోర్టు ఏం అడిగిందో తేల్చుకోండి

ఉత్తర్వులో చాలాసార్లు ఒక్క వాక్యమే ఉంటుంది: "ముద్దాయి మానసిక స్థితిని పరీక్షించి నివేదిక పంపవలెను." దాని వెనక మూడు వేర్వేరు ప్రశ్నల్లో ఏదైనా ఉండొచ్చు.

- విచారణను అర్థం చేసుకుని, తన ప్లీడరుకు విషయం చెప్పుకోగల స్థితిలో ఉన్నాడా? ఇది బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ విచారణ చట్టం) 367, 368 సెక్షన్ల ప్రశ్న. పాత సీఆర్‌పీసీలో 328, 329. ఇక్కడ చూడాల్సింది ఈరోజు స్థితి.
- చేసిన పని ఏమిటో, అది తప్పో కాదో ఆ సమయంలో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా? ఇది బీఎన్ఎస్ (కొత్త శిక్షాస్మృతి) 22, పాత ఐపీసీ 84. చూడాల్సింది నేరం జరిగిన సమయం. నిరూపించే భారం ముద్దాయిది.
- జైల్లో వైద్యం కావాలా, సైకియాట్రీ వార్డుకు మార్చాలా? ఇది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ కిందికి వస్తుంది.

1 జులై 2024కు ముందు జరిగిన నేరమైతే ఉత్తర్వులో ఐపీసీ సెక్షనే కనబడుతుంది, కంగారు పడక్కర్లేదు. ఏ ప్రశ్నో తెలియకపోతే ఊహించకండి. ఆసుపత్రి సూపరింటెండెంటు ద్వారా స్పష్టత కోరుతూ రెండు లైన్ల లేఖ పంపండి. ఒక వాయిదా ఆలస్యమైనా నష్టం లేదు.

మొదటి, మూడో ప్రశ్నలకు పర్సనాలిటీ టెస్టు కొంత సాయపడుతుంది. రెండోదానికి చాలా తక్కువ. ఆరు నెలల కిందటి రాత్రి గురించి ఇవాళ నింపిన జవాబు పత్రం ఏం చెప్పగలదు?

## 2. కాగితాలు చేతికి రాకుండా మొదలుపెట్టొద్దు

- కోర్టు ఉత్తర్వు, ఎఫ్ఐఆర్, రిమాండ్ రిపోర్టు, ఉంటే చార్జిషీటు
- అరెస్టు తేదీ, జైల్లో అడుగుపెట్టిన తేదీ
- జైలు మెడికల్ ఆఫీసరు రాసిన మందుల వివరం, మోతాదులతో
- పాత ఓపీ చీటీలు: పీహెచ్‌సీ, కాకినాడ జీజీహెచ్, విశాఖ మానసిక వైద్యశాల, ప్రైవేటు క్లినిక్, ఎక్కడివైనా
- చదువు వివరం: ఎంతవరకు, ఏ మీడియం
- ఇంటివాళ్లలో ఒకరు, ఇంటికి సంబంధం లేని మరొకరు చెప్పిన మాటలు

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. భార్యో తల్లో చెప్పేది బెయిలు మీద ఆశతో కలిసి ఉంటుంది. రొయ్యల చెరువు యజమాని, పక్కింటివాళ్లు, ఆశా కార్యకర్త చెప్పేది వేరుగా ఉంటుంది. "రెండేళ్లుగా ఒంటరిగా గొణుక్కునేవాడండి" అన్న మాట అరెస్టుకు ముందే ఊళ్లో నలుగురికీ తెలిసి ఉంటే, దాని బరువు ఏ టెస్టు స్కోరుకూ రాదు.

## 3. ఎవరికి ఈ టెస్టు పెట్టకూడదు

ఇక్కడ వడపోత సరిగా జరిగితే తర్వాతి తలనొప్పులు సగం తగ్గుతాయి.

తాగుడు మానిన తొలి రోజులు. రోజూ తాగే మనిషిని రిమాండ్‌కు పంపితే తాగుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండు నుంచి నాలుగు రోజుల్లో వణుకు, భ్రమలు, తికమక రావచ్చు. అది ప్రాణం మీదికొచ్చే పరిస్థితి, ముందు వైద్యం కావాలి. తేరుకున్నాక కనీసం రెండు వారాలు ఆగి టెస్టు పెట్టండి.

మాత్రల మత్తు. సైకోసిస్‌కు (భ్రమలు, లేనిపోని నమ్మకాల జబ్బుకు) మాత్రలు కొత్తగా మొదలుపెట్టి, కూర్చునే నిద్రపోతున్నవాడు నింపిన పేపరు పేపరే కాదు.

చదవలేనివాళ్లు. సంతకం చేశాడు కదా అని చదువు వచ్చనుకోవద్దు. ఆరో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించి, సొంత మాటల్లో చెప్పమనండి. చదివి చెప్పలేకపోయినా, వింటే అర్థమవుతుంటే రికార్డు చేసిన ఆడియో వాడండి.

తెలివితేటల లోపం అనుమానం ఉన్నవాళ్లు. ముందు బినే-కామత్ లేదా భాటియా బ్యాటరీ అనే తెలివితేటల పరీక్ష పెట్టండి. ఐక్యూ 70కి దిగువన ఉంటే వందల ప్రశ్నల జాబితాను పక్కన పెట్టి, ఇంటర్వ్యూ, రోజువారీ పనుల అంచనాతో వెళ్లండి.

పద్దెనిమిది నిండనివాళ్లు. ఎంఎంపీఐ-2 పెద్దల టెస్టు. వాళ్లకు వేరే రూపం ఉంది, చట్టమూ వేరు.

## 4. ఏ టెస్టు

ఎంఎంపీఐ-2లో 567 వాక్యాలు, ఎంఎంపీఐ-3లో 335, అలాంటిదే అయిన పీఏఐ అనే టెస్టులో 344. మూడింటిలోనూ జవాబుల నిజాయితీని చూసే కొలతలు లోపలే ఉన్నాయి. కోర్టు పనికి కావాల్సిన మొదటి లక్షణం అదే. మిగతా మార్గదర్శి ఎంఎంపీఐ-2 మీద నడుస్తుంది, మన దగ్గర ఎక్కువ చేతుల్లో ఉన్నది అది కాబట్టి.

16పీఎఫ్ మామూలు మనుషుల స్వభావాన్ని కొలవడానికి తయారైంది, జబ్బును పట్టుకోవడానికి కాదు. ఎంసీఎంఐ అనే మరో టెస్టు స్కోర్లు వైద్యం కోసం వచ్చినవాళ్ల మీద కట్టినవి. వైద్యం కోరని మనిషికి పెడితే లేని జబ్బు కనబడుతుంది. రోర్షాక్ సిరా మరకల పది కార్డులు శిక్షణ ఉన్నవాళ్ల చేతిలో అదనపు ఆధారంగా పనికొస్తాయి. ఎక్స్‌నర్ పద్ధతిలో కనీసం 14 జవాబులైనా రాకపోతే స్కోరు వేయరు. పోలీసు ఎస్కార్టు చూస్తుండగా చాలామంది అన్ని చెప్పరు.

తెలుగు అనువాదం వాడేముందు మూడు విషయాలు చూడండి: ఏ ఎడిషన్‌కు అనువాదం, తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూశారా, ఏ జనాభా సగటుతో పోల్చి స్కోరు ఇస్తున్నారు. పోలిక బయటి దేశపు సగటుతో అయితే ఆ మాట రిపోర్టులో ఉండి తీరాలి. ఇంగ్లీషు పుస్తకం చేతిలో పట్టుకుని అప్పటికప్పుడు నోటితో తెలుగు చేసి చెప్పడం మాత్రం వద్దు. అలా చేస్తే ఒక్కో ముద్దాయికి ఒక్కో టెస్టు పెట్టినట్టే.

## 5. గది, ఎస్కార్టు, టైము

రాజోలు వైపు నుంచి బయల్దేరిన మనిషి యానాం మీదుగా కాకినాడ చేరేసరికి పొద్దెక్కుతుంది. పొద్దున తిన్నాడో లేదో తెలియదు. ఎస్కార్టుగా వచ్చిన ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుళ్లకు లాకప్ టైములోపు తిరిగి అప్పగించాలన్న తొందర. ఈ పరిస్థితిలో 567 వాక్యాలు ఒక్క పూటలో లాగిస్తే చివరి రెండు వందలూ గాల్లో కొట్టిన గీతలే అవుతాయి.

రెండు సిట్టింగులు అడగండి. కుదరకపోతే మీరే జైలుకు వెళ్లండి. అదీ కుదరకపోతే మొదటి 370 వాక్యాలు పూర్తిచేయించండి. జవాబుల నిజాయితీని చూసే ఎల్, ఎఫ్, కె కొలతలు, జబ్బు లక్షణాల్ని చూసే పది క్లినికల్ స్కేళ్లు వాటితో వస్తాయి. వీఆర్‌ఐఎన్, టీఆర్‌ఐఎన్, ఎఫ్‌బీ, ఎఫ్‌పీ అనే మిగతా నిజాయితీ కొలతలు (వీటి సంగతి 9లో) మాత్రం పూర్తి టెస్టు ఉంటేనే. కోర్టు కేసులో అవి లేకపోవడం పెద్ద లోటే, కాబట్టి ఇది చివరి దారిగానే ఉంచుకోండి.

- ఎస్కార్టు కంటికి కనబడే దూరంలో, మాట వినబడని దూరంలో
- బేడీలు తీయించాలి, కనీసం రాసే చేతికి
- టిఫిన్, మంచినీళ్లు, కళ్లజోడు (ఇది చాలాసార్లు జైల్లోనే ఉండిపోతుంది)
- నలభై నిమిషాలకోసారి విరామం
- మహిళా ముద్దాయి అయితే మహిళా కానిస్టేబులు

## 6. ముందుగా చెప్పాల్సిన మాట

తెల్లకోటు చూడగానే "డాక్టరు గారు నాకు సాయం చేస్తారు" అనుకుంటారు. అది తప్పని ముందే చెప్పడం మీ బాధ్యత. ఇలా చెప్పవచ్చు:

"నన్ను మాట్లాడమన్నది కోర్టు అండి. మీరు చెప్పింది, రాసింది నేను రిపోర్టులో పెడతాను. జడ్జిగారు, రెండు పక్షాల ప్లీడర్లు చదువుతారు. ఇది వైద్యం కాదు. ఇష్టం లేకపోతే రాయనని చెప్పొచ్చు. చెప్పారని మాత్రం నేను కోర్టుకు తెలియజేస్తాను. కేసులో ఏం జరిగిందో ఈ టెస్టులో నేను అడగను."

తర్వాత అతని మాటల్లోనే తిరిగి చెప్పించి, చెప్పింది యథాతథంగా రాసుకోండి. నార్కో, పాలిగ్రాఫ్ పరీక్షలు సమ్మతి లేకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రశ్నపత్రం ఆ జాబితాలో లేకపోయినా, బలవంతంగా నింపించిన పేపరు విలువ ఎంతో మనకు తెలిసిందే.

## 7. నింపించడం: "ఆయ్, అవునండి" చిక్కు

గోదావరి జిల్లాల మర్యాద ఈ టెస్టుకు ఒక్కోసారి అడ్డం పడుతుంది. పెద్దవాళ్లు, ఆఫీసర్లు ఏది అడిగినా ముందు "ఆయ్" అనడం అలవాటు. వాక్యాన్ని ఒప్పుకున్నాడో, విన్నానని చెప్పాడో తెలియదు.

దీనికన్నా పెద్ద చిక్కు 'లేదు', 'పట్టదు', 'ఉండదు' అని ముగిసే వాక్యాలతో. "నాకు చేపల పులుసు ఇష్టం ఉండదు" అన్న వాక్యానికి ఇష్టం లేనివాడు "అవునండి, ఉండదు" అనొచ్చు, "లేదండి, ఉండదండి" అనొచ్చు. రెండింటి అర్థం ఒకటే, కానీ జవాబు పత్రంలో గళ్లు వేర్వేరు. ఇలాంటివి పదులకొద్దీ తారుమారైతే బుద్ధిగా జవాబిచ్చిన మనిషి కూడా పిచ్చిగా గీతలు కొట్టినవాడిలా కనబడతాడు.

సరిచేసే పద్ధతి:

1. "అవును/కాదు" మాటలు పక్కన పెట్టండి. రెండు అట్టముక్కలు తీసుకుని ఒకదాని మీద "ఈ మాట నాకు సరిపోతుంది", రెండోదాని మీద "సరిపోదు" అని పెద్దక్షరాలతో రాయండి.
2. టెస్టులో లేని ఐదు వాక్యాలు మీరే తయారుచేసి సాధన చేయించండి. వాటిలో మూడు 'లేదు' వాక్యాలు ఉండాలి. పై పులుసు వాక్యం అలాంటిదే.
3. నిజం ఏమిటో విడిగా అడిగి, చూపించిన అట్టతో పోల్చండి. ఐదుకు ఐదూ సరిపోయాకే అసలు పుస్తకం తెరవండి.
4. అర్థం అడిగితే వివరించవద్దు. "మీకు ఎలా అనిపిస్తే అలా పెట్టండి" అని వాక్యాన్ని మళ్లీ చదవండి, అంతే.

మధ్యలో వదిలేసిన గళ్లను లేచే ముందే చూడండి. వెనక్కి ఇచ్చి "ఇవి మిగిలిపోయాయండి" అంటే చాలామంది నింపేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: చావు, ఆత్మహత్య ఆలోచనల గురించి ఉన్న వాక్యాల జవాబులు అదే రోజు, ఎస్కార్టు కదలకముందే చూడండి. ఏదైనా సరిపోతుందని గుర్తు పెట్టి ఉంటే అప్పుడే మాట్లాడి, జైలు మెడికల్ ఆఫీసరుకు లిఖితపూర్వకంగా, ఫోనులోనూ చెప్పండి. రిపోర్టు దాకా ఆగే విషయం కాదిది.

## 8. స్కోరింగు

చేత్తో వేస్తే రెండుసార్లు వేయండి, రెండోసారి వేరే మనిషి. ఎక్కువగా జారేది కె సవరణ దగ్గర: స్కేలు 1కి కెలో సగం, 4కి 0.4, 7కీ 8కీ పూర్తి కె, 9కి 0.2 కలపాలి. మిగతా స్కేళ్లకు ఏమీ కలపరు. మగవాళ్ల పట్టిక, ఆడవాళ్ల పట్టిక తారుమారు కావడం, ఒక ఎడిషన్ పుస్తకానికి ఇంకో ఎడిషన్ కీ పెట్టడం కూడా చూస్తుంటాం. జిరాక్సు పుస్తకాలతో వచ్చే తంటా ఇది.

## 9. ముందు చూడాల్సింది గ్రాఫు కాదు

టీ స్కోరు సగటు 50, పది పాయింట్లు ఒక మెట్టు. 65 దాటితే క్లినికల్‌గా పట్టించుకుంటాం. కానీ క్లినికల్ స్కేళ్ల వైపు కన్నెత్తే ముందు ఈ వరసలో వెళ్లండి. వరస మారితే అర్థం మారిపోతుంది.

మొదట ఖాళీలు. 30 అంతకన్నా ఎక్కువ వదిలేస్తే చదవవద్దు.

తర్వాత వీఆర్‌ఐఎన్, టీఆర్‌ఐఎన్. ఏది 80 తాకినా పేపరు పక్కన పెట్టండి. మొదటిది పొంతన లేని జవాబుల్ని, రెండోది అన్నిటికీ ఒకటే వైపు కొట్టడాన్ని పడుతుంది. పైన చెప్పిన "ఆయ్" ఇక్కడే బయటపడుతుంది.

ఆ రెండూ బాగుంటేనే ఎఫ్, అంటే మామూలు జనం అరుదుగా ఒప్పుకునే వాక్యాల లెక్క. కోర్టు పంపినవాళ్లలో ఎఫ్ పెరగడం మామూలే. జైలు భయం, నిజమైన జబ్బు, కల్పించి చెప్పడం, మూడూ దాన్ని పెంచుతాయి. విడదీసేది ఎఫ్‌పీ. నిజంగా జబ్బున్న రోగులు కూడా అరుదుగా ఒప్పుకునే వాక్యాలతో కట్టింది అది. ఎఫ్ చాలా ఎత్తున ఉండి ఎఫ్‌పీ మామూలుగా ఉంటే తీవ్రమైన బాధ గానీ జబ్బు గానీ అనుకోండి. ఎఫ్‌పీ కూడా 100 దాటితే కల్పన అనుమానం బలపడుతుంది.

చివర ఎల్, కె: చిన్న లోపాల్ని కూడా ఒప్పుకోకపోవడాన్ని, ఇబ్బందుల్ని కప్పుకోవడాన్ని చూసేవి. ఎల్ 80 తాకితే మంచివాడిగా కనబడాలన్న ప్రయత్నం మరీ ఎక్కువైంది. 65 దాటి కొద్దిగా పెరిగితే తొందరపడవద్దు. నిష్ఠగా పూజలు, ప్రార్థనలు చేసుకునే సంప్రదాయ కుటుంబాల మనుషుల్లో అది సహజంగానే కొంచెం ఎక్కువ.

## 10. వర్గీకరణ: ఎవర్ని ఎటు పంపాలి

క. చదవలేని పేపరు. కారణం వెతికి (చదువు, మత్తు, 'లేదు' వాక్యాలు, అలసట) ఒక్కసారి మళ్లీ పెట్టండి. రెండోసారీ అంతే అయితే టెస్టు వదిలి, ఇంటర్వ్యూ మీద, వార్డు పరిశీలన మీద ఆధారపడండి. చదవలేని పేపరు అబద్ధానికి రుజువు కాదు.

చ. ఎక్కువ చేసి చెప్పినవాళ్లు. ఇక్కడ ఒక్క టెస్టుతో ఆగొద్దు. 25 ప్రశ్నల ఎం-ఫాస్ట్ లాంటి చిన్న ఇంటర్వ్యూ, తర్వాత అవసరమైతే సిర్స్-2 (రెండూ లక్షణాల కల్పనను పట్టే ఇంటర్వ్యూలు), వాటితోపాటు వార్డులో రోజువారీ పరిశీలన. రాత్రి నిద్ర, తిండి, స్నానం, ఎవరూ చూడనప్పటి ప్రవర్తన నర్సు చార్టులో ఉండాలి. నిజమైన స్కిజోఫ్రీనియా ఉన్న మనిషి కూడా ఎవరో చెప్పారని లక్షణాలు కలిపి చెప్పొచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉండగలవు, దీన్ని మరిస్తే జబ్బు మనిషి వైద్యం లేకుండా సెల్‌కు తిరిగి వెళ్తాడు.

ట. దాచినవాళ్లు. గ్రాఫు చదునుగా ఉంటుంది. "జబ్బేమీ లేదు" అని రాయకండి. "ఈ టెస్టులో లక్షణాలు ఒప్పుకోలేదు" అన్నదే మీకు తెలిసింది. పిచ్చాసుపత్రి ముద్ర పడితే చెల్లెలి పెళ్లి ఆగుతుందన్న భయంతో దాచేవాళ్లు ఎందరో.

త. చదవదగ్గ పేపరు. ఇందులో నాలుగు దారులు.

*అన్నీ 65లోపు.* ఇంటర్వ్యూ కూడా అదే చెబితే తిరిగి జైలుకు, మామూలు విచారణకు.

*2, 7 ఎత్తు.* దిగులు, ఆందోళన. కొత్తగా రిమాండైనవాళ్లలో ఇదే ఎక్కువ. ఆత్మహత్య ప్రమాదం చూసి, జైల్లోనే వైద్యం, నెలలోపు మళ్లీ పరిశీలన.

*6, 8 ఎత్తు.* ఆలోచన తీరు దెబ్బతిన్న సూచన. సైకియాట్రిస్టు దగ్గరికి, అవసరమైతే అడ్మిషన్‌కు. ఇక్కడ ఒక జాగ్రత్త. చిల్లంగి (చేతబడి) పెట్టారన్న నమ్మకం, జాతరలో అమ్మవారు పూనడం ఊరంతా పంచుకునే విషయాలు. అలాంటి వాక్యాలకు "సరిపోతుంది" అన్నాడని స్కేలు పెరగొచ్చు. ఒక్కొక్క వాక్యం మీద తర్వాత అడగండి. ఊళ్లో అందరూ నమ్మేదా, ఇతనొక్కడే నమ్మి ఇంటివాళ్లే విడ్డూరంగా చూసేదా? తేడా అక్కడ దొరుకుతుంది.

*4, 9 ఎత్తు.* దుడుకుతనం, కట్టుబాట్లకు ఎదురుతిరగడం. స్కేలు 4లో ఇంటి గొడవలు, చట్టంతో చిక్కులు గురించిన వాక్యాలున్నాయి. కేసులో ఇరుక్కున్న ఎవరికైనా అది కొంత పెరుగుతుంది. హారిస్-లింగోస్ ఉపస్కేళ్లు చూసి, పెరిగింది కుటుంబ కలహం వల్లా, అధికారం మీద ఎదురుతిరగడం వల్లా విడదీయండి. "సైకోపాత్" అన్న మాట ఈ గ్రాఫు మీద రాయకూడదు.

రెండు స్కేళ్ల జత పేరు పెట్టాలంటే, జతలో తక్కువదానికీ దాని తర్వాతి స్కేలుకూ కనీసం ఐదు టీ పాయింట్ల తేడా ఉండాలి. లేకపోతే మళ్లీ పెట్టినప్పుడు జత మారిపోతుంది.

ఎంఎంపీఐ గ్రాఫుల్ని బట్టి ఖైదీల్ని రకాలుగా విడదీసే మెగార్గీ పద్ధతి గురించీ అడుగుతుంటారు. ఏబుల్, బేకర్, చార్లీ అంటూ పది రకాలు. అవి అమెరికా జైల్లో శిక్ష అనుభవిస్తున్నవాళ్ల మీద, ఖైదీని ఎక్కడ ఉంచాలి, ఎంత కాపలా కావాలి అన్న పనికి కట్టినవి. విచారణ ముందు, అందులోనూ జబ్బు అనుమానంతో పంపినవాళ్లు వేరే జనాభా. ఆ పేర్లు తెచ్చి మన రిపోర్టులో అతికించడం దండగ.

## 11. రిపోర్టు రాయడం

వరస: ఎవరు పంపారు, ఏ ప్రశ్న, ముందస్తు సమాచారం ఇచ్చిన తీరు, ఏ టెస్టు ఏ భాషలో ఎలా పెట్టారు, జవాబుల నమ్మకం, కనబడినవి, మిగతా ఆధారాలతో పొంతన, పరిమితులు, కోర్టు ప్రశ్నకు జవాబు. నాలుగైదు పేజీలు చాలు.

ఇలా రాయొద్దు: "ఎంఎంపీఐ ప్రకారం ముద్దాయికి మతిస్థిమితం లేదు."

ఇలా రాయండి: "జవాబులు పొంతనగా ఉన్నాయి. అనుమానం, ఆలోచన తీరులో లోపం సూచించే స్కేళ్లు ఎత్తున ఉన్నాయి. వార్డులో పన్నెండు రోజుల పరిశీలన, 2021 నాటి ఓపీ చీటీ దీనితో సరిపోతున్నాయి. ప్రస్తుతం తన ప్లీడరుకు కేసు వివరం వరసగా చెప్పలేకపోతున్నాడు. నేరం జరిగిన నాటి స్థితిని ఈ టెస్టు చెప్పదు."

విచారణ యోగ్యత మాత్రమే అడిగిన కేసులో ముద్దాయి నేరం గురించి నోరుజారి అన్న మాటల్ని రిపోర్టులో పెట్టకండి. సంతకం కింద ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఎంఎస్సీ సైకాలజీ ఒక్కటే ఉన్నవాళ్ల సంతకంతో వెళ్లిన రిపోర్టును డిఫెన్సు మొదటి ప్రశ్నకే పడగొడుతుంది.

## 12. సాక్ష్యానికి పిలిస్తే

నిపుణుల అభిప్రాయం బీఎస్ఏ (కొత్త సాక్ష్యాధార చట్టం) 39వ సెక్షన్ కింద తీసుకుంటారు. జవాబు పత్రం, స్కోరు షీటు, ముందస్తు సమాచారం నోటు, సిట్టింగుల తేదీలు, టైములు వెంట తీసుకెళ్లండి. టెస్టు వాక్యాలు బహిరంగ కోర్టులో చదవమంటే, అవి బయటికి వస్తే తర్వాతి ముద్దాయిలకు టెస్టు పనికిరాదని చెప్పి సీల్డు కవరులో ఇవ్వడానికి అనుమతి కోరండి.

తప్పకుండా వచ్చే ప్రశ్నలు మూడు: ఈ సగటు తెలుగువాళ్లదా, జైలు భయం వల్ల స్కోరు పెరగదా, కోచింగు ఇస్తే మారదా. మొదటిదానికి మీ ఎడిషన్ వివరం ఉన్నదున్నట్టు చెప్పండి. మిగతా రెండింటికీ జవాబు "పెరగొచ్చు, మారొచ్చు, అందుకే ఫలానా ఫలానా ఆధారాలతో సరిచూశాం" అని. ఆ సరిచూసిన కాగితాలు ఫైల్లో ఏ పేజీలో ఉన్నాయో ముందు రోజే గుర్తు పెట్టుకుని వెళ్లండి.